ఊరికే వచ్చిన శాటిన్

సూరత్‌లో గుడ్డ కొనడం ఘనకార్యమేమీ కాదు, అందరూ కొంటారు. కానీ పైసా ఇవ్వకుండా ఒక నిండు తాను శాటిన్ పట్టుకొచ్చి, పట్టుకొచ్చినందుకు ఇచ్చిన వ్యాపారి చేతే ఎదురు డబ్బు కట్టించిన మనిషిని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. గులాబీ రంగు, అద్దంలాంటి మెరుపు, చేతిలోకి తీసుకుంటే నీళ్లలా జారిపోయే సరుకు. ఆ రోజు ఆఫీసులో అందరికీ నా డబ్బుతో టీ తెప్పించాను. నేను టీ తెప్పించడమంటే ఎంత పెద్ద సంగతో మా ఆఫీసు వాళ్లను అడిగితే చెబుతారు. కొద్ది రోజులకే ఆ గుడ్డ మీంచి ఒక ఆడమనిషి కింద పడింది.

ఈవెంట్ల పనిలోకి ఈమధ్య మనవాళ్ల పిల్లలు చాలామంది వస్తున్నారు. నేను రిటైరయ్యానని తెలిసి కూడా ఫోన్ చేసి, రేటు ఎట్లా దించాలి ఆంటీ అని అడుగుతుంటారు. దించడం నేర్పగలను, అందులో నాకు పేరుంది. ఈసారి మాత్రం నేను దించకుండా ఉండాల్సిన చోటు గురించి చెబుతాను. వినే ఓపిక ఉంటే వినండి, ఫీజు లేదు.

సూరత్‌లోనే ఉధ్నా పేటలో మాది కిరాణా కొట్టు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబాలే మా గిరాకీ. నాన్న త్రాసు దగ్గర నిలబడితే అమ్మ గల్లా దగ్గర కూర్చునేది. కొట్టును నడిపింది అమ్మే. హోల్‌సేల్ మార్కెట్‌కు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. కావాల్సిన బస్తా వైపు చూడకుండా పక్క బస్తా వైపు చూడాలని అక్కడే నేర్చుకున్నాను. బేరం ఎంతకీ తెగకపోతే లేచి నాలుగడుగులు వేయాలి. ధర కుదిరాక కొసరు అడగాలి, ఎందుకంటే అప్పటికి అవతలివాడు అలిసిపోయి ఉంటాడు, చిన్న కోరికను కాదనడు. బడిలో చెప్పిన లెక్కలు మరిచిపోయాను గానీ ఇవి మరిచిపోలేదు.

నేను పాతికేళ్లకు పైగా పనిచేసింది ఒక ఇండోర్ ఎరీనాలో. మేం హాల్ అనే అనేవాళ్లం. అక్కడ బ్యాడ్మింటన్ పోటీలు జరిగేవి, నవరాత్రికి గర్బా జరిగేది, వజ్రాల వ్యాపారుల ఇళ్లలో పెళ్లిళ్లు జరిగేవి. కానీ హాల్‌ను నిలబెట్టింది శని ఆదివారాల ఫ్యామిలీ షోలు. సబ్బు బుడగలు ఊదే మనిషి, మాట వినే కుక్కలు, పెద్ద తలకాయలు తగిలించుకుని డాన్సు చేసే కుర్రవాళ్లు, మేజిక్. మే నెలలో మా టికెట్లన్నీ అమ్ముడయ్యేవి. దానికి కారణం మా మేజిక్ అని సేఠ్ నమ్మేవాడు. నా నమ్మకం వేరు. ఆ ఎండల్లో టికెట్ ధరకు మూడు గంటల ఏసీ, కూర్చోవడానికి కుర్చీ ఇంకెక్కడా దొరకవు.

సేఠ్ అంటే మా యజమాని. చెడ్డవాడని అనను. జీతాలు ఎప్పుడూ ఆపలేదు. విజిటింగ్ కార్డు మీద నా హోదా ప్రోగ్రామ్స్ మేనేజర్ అని ఉండేది గానీ, కళాకారులనూ సామాన్లనూ బయటినుంచి తక్కువకు తేవడమే నా అసలు పని. సేఠ్ వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "ఈ బెన్ ఉందే, అద్దంలో తన ముఖంతో కూడా బేరమాడుతుంది" అనేవాడు. బెన్ అంటే గుజరాతీలో అక్క. నేను నవ్వేదాన్ని. అది పొగడ్తే అనుకునేదాన్ని.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది ఒక ఏప్రిల్‌లో, భర్తను వెంటబెట్టుకుని. వాళ్లు భేస్తాన్‌లో అద్దెకు ఉండేవాళ్లు. భర్త సర్కస్‌లో పుట్టి పెరిగినవాడు. ఆ సర్కస్ మూతపడ్డాక మగ్గాల మీద రాత్రి పాళీ పనికి కుదిరాడు. ఆమె మాత్రం ఉధ్నా పిల్లే. వాళ్లమ్మ మగ్గాల షెడ్డులో కండెలు చుట్టేది, మా కొట్లోనే సామాన్లు తీసుకెళ్లేది. పెళ్లయ్యాక అత్తగారి దగ్గర విద్య నేర్చుకుంది. పైకప్పు నుంచి వేలాడే పొడవాటి గుడ్డను పట్టుకుని పైకి పాకి, నడుముకూ కాళ్లకూ చుట్టుకుని గాల్లో తిరగడం, ఆఖరున గుడ్డ విప్పుకుంటూ సర్రున కిందికి జారి నేలకు మనిషెత్తులో ఆగిపోవడం. అది ఆగినప్పుడు హాలంతా ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది.

సంచిలోంచి వెలిసిపోయిన పాత గుడ్డ తీసి నా బల్ల మీద పరిచింది.

"చూడక్కా, ఇది మా అత్తమ్మ ఎక్కిన గుడ్డ. ఎన్నేండ్లదో నాకే ఎర్కలే. కింద చినుగు పట్టింది. కొత్తది కావాలె."

"ఎక్కడ దొరుకుతుంది?"

"బొంబైల. గీ పనికోసమే నేస్తరట. జర పిరమే."

ధర చెప్పింది. నేను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాను. అది నా పాత అలవాటు, ధర విని దెబ్బ తిన్నట్టు కనపడటం.

"సూరత్‌ల కూసుండి గుడ్డకు బొంబై పోతవా? ఎవరన్న ఇంటే ఏమంటరు?"

భర్త పకపకా నవ్వాడు. "నేను గదే అన్ననక్కా. రోజు రాత్రి మీటర్లకు మీటర్లు నేస్తున్న. పెండ్లానికి గుడ్డ లేదంటె సిగ్గువోతది."

ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వుతోనే నిర్ణయం జరిగిపోయింది. ఈ ఊళ్లో గుడ్డ దగ్గర ఎవరికీ అనుమానాలుండవు. దారినపోయేవాడు మీ చీర కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి మీటరెంతో చెప్పేస్తాడు. ఆ నలపడంలో చీర సంగతి తెలుస్తుంది, మెరుపూ కుచ్చిళ్లూ తెలుస్తాయి. మనిషి బరువు దాని మీద ఎలా నిలుస్తుందో తెలియదు. అంత గుడ్డ చూసిన మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

రింగ్ రోడ్డు మార్కెట్‌లో నాకు తెలిసిన చీరల వ్యాపారి ఉండేవాడు. వెళ్లి ఆయన గద్దె మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఆయన సరుకు వైపు చూడకుండా ఎదురు దుకాణం బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయనే అడిగాడు ఏం సంగతని. మీ గుడ్డ మీద ఒక అమ్మాయి గాల్లో ఆడుతుంది, వెయ్యి కుటుంబాలు తల ఎత్తి మీ రంగునే చూస్తాయి, ఫోన్లలో తీసుకుని ఊరంతా పంపుకుంటాయి, మీరు వద్దంటే ఎదురు దుకాణం వాళ్లు ఎలాగూ అడుగుతున్నారు అన్నాను. ఎదురు దుకాణం వాళ్లు నన్ను ఏమీ అడగలేదు, నా ముఖం కూడా ఎరగరు.

లేచేసరికి తాను గుడ్డ ఊరికే వచ్చింది, పైన డెబ్బై ఐదు వేలు స్పాన్సర్ డబ్బు వచ్చింది. "బెన్, మీరు ఇవతల గద్దె మీద కూర్చోవాల్సిన మనిషి" అన్నాడాయన. ఒక్క షరతు పెట్టాడు. గుడ్డ మెరుపు తగ్గకూడదు. ఉతకకూడదు, మరక పడకూడదు. ఆ మెరుపు చూపించడానికే కదా ఇస్తున్నది.

షోకు ముందు శుక్రవారం పొద్దున ఖాళీ హాల్లో ప్రాక్టీసు పెట్టాం. పైనున్న ఇనుప కడ్డీ, కొక్కెం, గొలుసు మా స్టేజీ ఇన్‌చార్జి చూసుకున్నాడు. ఉద్యోగంలో నాకంటే సీనియర్, అందరూ కాకా అనేవాళ్లు. కొక్కేనికి తన బరువంతా వేసి వేలాడి మరీ పరీక్షించాడు. ఆమె కొంచెం పైకి పాకి, రెండు మెలికలు తిరిగి, దిగివచ్చి అరచేతులు చూసుకుంది.

"అక్కా, ఇది జారుతది."

"కొత్తది కదా."

"కొత్తదైతె గింత జారదు. మీదున్న మెరుపే జారుడు. రెండుసార్లు ఉతికితె పోతది. లేదంటె గుగ్గిలం పొడి బాగ రుద్దాలె, చేతులకు, కాళ్లకు, గుడ్డకు."

గుగ్గిలం రుద్దితే గుడ్డ మీద పసుపు మచ్చలు పడతాయి. నాకు వ్యాపారి షరతు గుర్తొచ్చింది, డెబ్బై ఐదు వేలు గుర్తొచ్చాయి.

"చేతులకు పూసుకో. గుడ్డకు వద్దు. మచ్చ పడితె ఆయన ఊకోడు."

ఆమె పక్కకు చూసింది. బేరంలో ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒప్పుకోవడం ఇష్టం లేదు, కాదనడానికి ధైర్యం లేదు. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా తెలుసు. నేను చేతిలో ఇంకోటి పెట్టాను.

"ఈ ఎండాకాలం ఆదివారాలన్ని నీకే. ఇంకొకర్ని పిలవ. మాటిస్తున్న."

భర్త ముఖం వెలిగింది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు.

"పక్కానా అక్కా? పక్కా అంటెనే చెప్పు. గియన రాత్రి పాళీ ఇడిసిపెడ్తడు. పిల్ల లేసెటాళ్లకు ఈన పండుకుంటడు, ఈన లేసెటాళ్లకు పిల్ల పండుకుంటది. నాయిన మొకం ఎర్కలేకుండ పెరుగుతుంది."

"పక్కా."

"అయితె సరే. మెల్లమెల్లగ చేస్త. పెద్ద జారుడు మాత్రం గుడ్డ మెత్తవడ్డంకనే."

ఆ ఆదివారం రెండు షోలు. మొదటి షోలో ఆమె అన్న మాట ప్రకారమే చేసింది. సగం ఎత్తుకే పాకింది, మెలికలు తిరిగింది, పెద్ద జారుడు చేయలేదు. జనం చప్పట్లు కొట్టారు. నాకది చాలినట్టు అనిపించలేదు. రెండో షోకు వ్యాపారి భార్యా పిల్లలతో ముందు వరసలో కూర్చోబోతున్నాడు, పక్కన సేఠ్ కూర్చోబోతున్నాడు. విరామంలో ఆమె తెర వెనక స్టీలు డబ్బాలో పెరుగన్నం తింటోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"రెండో షోల జారుడు చెయ్యవా?"

"ఇయ్యాల వద్దక్కా. గుడ్డ ఇంక మెత్తవడలే."

"సేఠ్ చూస్తడు. ఆదివారాలన్ని నీకిచ్చేది ఆయనే, నేను కాదు."

అబద్ధం. ఆదివారాలు నా చేతిలోనివే. ఆమె చెంచా డబ్బాలో పెట్టి మూత బిగించింది. "చూస్త" అంది.

పడటం గురించి ఎక్కువ రాయను. పైదాకా పాకింది. నడుముకు మూడు చుట్లు చుట్టుకుంది, చేతులు చాచింది, కింద గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డ భర్త వైపు చూసి తల ఊపింది. గుడ్డ విప్పుకుంటూ కిందికి వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు. గులాబీ గుడ్డ ఆమె కాళ్ల మధ్యనుంచి ఏ తొందరా లేకుండా జారిపోవడం నేను పక్క తెర దగ్గర నిలబడి చూశాను. కింద పరిచిన పరుపు అంచు మీద నడుము పడింది. అన్నిటికంటే ఘోరం, హాలు చప్పట్లు కొట్టింది. పిల్లలు లేచి నిలబడి కొట్టారు, అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. మైకు పట్టుకున్న మా యాంకర్ పాపం అటువైపు చూడకుండా, "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా!" అని అరిచాడు. ఆ కుర్రవాడు ఆ తర్వాత మైకు ముట్టలేదు. ఇప్పుడు అడాజణ్‌లో మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు.

నేను వెంటనే చేసిన పని ఇది. లైట్లు ఆర్పించి, పాట పెట్టించి, బుడగలాయన్ను స్టేజీ మీదికి తోశాను. చీకట్లో కాకా, భర్త కలిసి ఆమెను పరుపుతో సహా వెనక్కి ఈడ్చుకొచ్చారు. షో ఆపితే తలుపుల దగ్గర తొక్కిసలాట జరుగుతుందని మా పనిలో మొదటి రోజే చెబుతారు, అది నిజమే. షో ఆపితే టికెట్ డబ్బులు వాపసు ఇవ్వాలన్నది కూడా నిజమే. ఆ క్షణంలో నాకు ముందు తట్టింది వీటిలో ఏదని అడగకండి. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

అంబులెన్స్ వెళ్లిన కాసేపటికే వ్యాపారి ఫోన్ చేశాడు. అమ్మాయి ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను. "కాపడ్ పాఛు మోకలో, బెన్" అన్నాడు. గుడ్డ తిరిగి పంపమని. బ్యానర్ మీద తన పేరు కూడా తీయించమన్నాడు. పంపించాను. పంపే ముందు మడత పెట్టాను కూడా, నాలుగు మూలలూ సరిగ్గా కలిపి. చేతులకు అలవాటైన పని మనసుతో పని లేకుండా జరిగిపోతుంది.

వెన్నెముక విరిగింది. ఆపరేషన్ జరిగింది, ఆ ఖర్చంతా సేఠ్ మారుమాట లేకుండా కట్టాడు. నడుము కింద స్పర్శ రాలేదు. వస్తుందని డాక్టర్లు అనలేదు, రాదనీ అనలేదు. ఒక పొద్దున సేఠ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు.

"వాళ్లు కేసు పెడతారంటున్నారు. పెట్టకముందే పోయి మాట్లాడు. మీ వాళ్లు, మీ భాష. నేను వెళితే భయపడతారు."

"ఎంత వరకు?"

"ఎనిమిది లక్షల దాకా ఇచ్చేయి. పాపం, చిన్నపిల్ల ఉంది."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎనిమిది లక్షలు ఇచ్చి రమ్మన్నాడు. నేను మాత్రం ఆ ఎనిమిదిని నా పై హద్దుగా తీసుకుని బయల్దేరాను. దారంతా ఆటోలో, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి అని లెక్క వేసుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు పనిచేసినంత బాగా నా బుర్ర ఎప్పుడూ పనిచేయలేదు.

ఆస్పత్రి వార్డు బయట బెంచీ మీద భర్త, ఆమె తల్లి కూర్చున్నారు. లోపల మంచం తలుపులోంచి కనపడుతుంది. తల్లి నన్ను చూసి కొంగు సర్దుకుంది. కొట్లో గల్లా దగ్గరికి వచ్చినప్పుడు కూడా అలాగే సర్దుకునేది.

"నీ బిడ్డసొంటిది గదమ్మా" అంది. "మా పిల్లను నువ్వే పిలిస్తివి. నువ్వే చెప్పు ఎట్ల బతుకుతది?"

"అందుకే వచ్చిన చిన్నమ్మా. సేఠ్‌తో కొట్లాడి వచ్చిన." ఇది కూడా అబద్ధమే. "మీరు ఎంతనుకుంటున్రు?"

ఆమె అల్లుడి వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"పది" అంది ఆమె. "పది లచ్చలు."

నేను కళ్లజోడు తీశాను. తీసి ఒళ్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. మౌనం పెరిగేకొద్దీ చెప్పినవాళ్లకే తాము చెప్పింది ఎక్కువేమో అనిపిస్తుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టాను. కేసు పెడితే ఏళ్లు పడుతుందన్నాను. వకీలు తినేస్తాడన్నాను. గుడ్డ ఎవరిదని అడుగుతారు, పొడి సరిగ్గా ఎందుకు పూసుకోలేదని అడుగుతారన్నాను. పొడి పూయొద్దని నేనే చెప్పిన సంగతి లోపల మంచం మీదున్న మనిషికి తెలుసు, నాకు తెలుసు. ఆమె మాట్లాడే స్థితిలో లేదు. సేఠ్ రెండుకు ఒప్పుకున్నాడు, నేను బతిమాలి మూడు చేయిస్తానన్నాను.

"మూడా?" అన్నాడు భర్త. "అక్కా, మూడుతోని ఏం జేస్తం? గీమె చెయ్యి పట్టుకుని కూసుంటె మగ్గం మీదికి ఎవరు పోతరు? పిల్లనెవరు చూస్తరు? అయిదన్న చెయ్యిరాదు?"

అయిదు. నా పై హద్దు ఎనిమిది. అక్కడ అవునని ఉంటే అతను నా చేతులు పట్టుకుని ఏడ్చేవాడు, నేను మంచిదాన్నని ఈ రోజుకూ చెప్పుకునేవాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని లేచాను.

"నా చేతుల లేదు తమ్ముడూ. మీరు కేసే పెట్టుకోండి. నేను పోయి అట్లనే చెప్త."

వరండాలో నడవడం మొదలుపెట్టాను. ఎంత దూరం నడవాలో నాకు తెలుసు, ఎంత వేగంతో నడవాలో తెలుసు. ఫినాయిలు వాసన. ఎదురుగా ఎవరో స్ట్రెచర్ తోసుకొస్తుంటే పక్కకు జరిగాను. వెనక్కి చూడలేదు, చూస్తే బేరం పోతుంది. నా వీపుకు చెవులు మొలిచినట్టు వింటూ నడిచాను.

"అక్కా, ఆగు."

భర్త గొంతు. అంత గెలుపు ఆనందం నాకు ఆ వయసులో కూడా వచ్చిందంటే రాయడానికి చేయి ఆడటం లేదు గానీ, వచ్చింది. మెడ వెనక వెచ్చగా అనిపించింది. వెనక్కి తిరిగి మెల్లగా నడిచి వచ్చాను. మూడుకు కుదిరింది. కుదిరాక, అతను అలిసిపోయి గోడకు ఆనుకున్నప్పుడు, నేను కొసరు అడిగాను. రాజీ కాగితంలో ఒక్క వాక్యం చేర్చమన్నాను, గుడ్డ తాము తెచ్చుకున్నదే అని. అతను తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతాడు. హిందీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. తల్లి అడిగింది, "అంతేనా అమ్మా?" "అంతే చిన్నమ్మా" అన్నాను.

సేఠ్‌కు మిగిలిన అయిదు లక్షల సంగతి చెబితే ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత ఏదో తప్పు చేసినవాడిలా కిటికీ వైపు చూశాడు. ఆ నెల నాకు జీతమంత బోనస్ ఇచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. కాకా మాత్రం నాతో మాట్లాడటం తగ్గించాడు. కొక్కెం ఊడలేదు, గొలుసు తెగలేదు అని కనపడిన ప్రతివాడితో అనేవాడు, ఎవరూ అడగకపోయినా. ఆయన రిటైరయ్యే రోజు కూడా స్వీట్లు పంచుతూ నా దగ్గరికి వచ్చినప్పుడు అదే మాట అన్నాడు. "కొక్కెం గట్టిగానే ఉండింది బెన్." "తెలుసు కాకా" అన్నాను. స్వీటు ఇచ్చి వెళ్లిపోయాడు.

రిటైరయ్యాక భేస్తాన్ వెళ్లాను. ధైర్యం కూడగట్టుకుని వెళ్లానంటే గొప్పగా ఉంటుంది గానీ, ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. కింది వాటాలో ఒకే గది. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తోంది, కాళ్లు దుప్పటి కింద ఉన్నాయి. మార్కెట్ నుంచి చీరలు తెచ్చి ఇచ్చేవాళ్లు చీరకింతని లెక్క కట్టి ఇస్తారు. పిల్ల బడికి వెళ్లింది. భర్త రాత్రి పాళీ ముగించుకుని మూల చాప మీద నిద్రపోతున్నాడు. తల్లి నన్ను చూసి టీకి పాలు తేవడానికి బయటికి వెళ్లింది.

నేను లక్ష రూపాయలు తెచ్చాను, ప్రావిడెంట్ ఫండ్‌లోంచి తీసినవి. కవరు ఆమె పక్కన పెట్టాను. ఆమె కవరు ముట్టుకోలేదు. వేలి కొసతో ఒక రాయిని జిగురు మీద అద్ది, ఆరేదాకా నొక్కి పట్టుకుంది.

"ఒక్కటడుగుత అక్కా. ఆ రోజు మీ సేఠ్ ఎంత ఇయ్యమన్నడు?"

అబద్ధాలు నా నోట్లో తయారుగానే ఉన్నాయి. నాలుగు అనవచ్చు. మూడే అనవచ్చు.

"ఎనిమిది" అన్నాను.

ఆమె ఇంకో రాయి తీసుకుంది. "అమ్మ పదన్నది. గియన అయిదన్నడు. నువ్వు మూడన్నవ్." రాయిని అద్దుతూ అంది, "మా అమ్మకు బేరం రాదక్కా. కూరగాయల కాడ గూడ చెప్పినంత ఇచ్చొస్తది. మీ కొట్ల గూడ గంతే."

బయట చెప్పుల చప్పుడయ్యింది. ఆమె గొంతు తగ్గించింది.

"అమ్మకు చెప్పకు. నేను సరింగ అడగలే, నా బిడ్డ పైసలు నేనే పోగొట్టిన అని ఏడుస్తది."

తల్లి వచ్చి, పాల ప్యాకెట్ పళ్లతో కొరికి స్టవ్ మీద పెట్టింది. "అమ్మా, చక్కెర ఎక్కువెయ్యనా?" అని నన్ను అడిగింది. ఎక్కువే వెయ్యమన్నాను. కూతురు కవరు తెరిచి నోట్లు లెక్కపెట్టుకుంది, దుప్పటి కిందికి తోసింది. ఏమీ అననందుకు నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళుతున్నాను. ఇచ్చినప్పుడల్లా ఆమె లెక్కపెట్టుకుంటుంది. మిగతాది ఎప్పుడని అడగదు. పైకి ఏడవనూ లేదు, క్షమించానని అననూ లేదు. చీరకు ఇచ్చే కూలి పెంచమని వ్యాపారితో నన్ను మాట్లాడమని మాత్రం ఒకసారి అడిగింది. మాట్లాడాను. చీరకు రెండు రూపాయలు పెరిగింది. నా జీవితంలో ఇంత కష్టంగా నేను బేరమాడలేదు.

బిల్లు చెప్పి ముగిస్తాను. గుడ్డ ఖరీదు సున్నా. వ్యాపారి ఇచ్చిన డెబ్బై ఐదు వేలు హాల్ ఖాతాకు వెళ్లాయి. ఆ ఆదివారం టికెట్లు ఒక్కటీ వాపసు ఇవ్వలేదు. సేఠ్‌కు మిగిలింది అయిదు లక్షలు, నాకు వచ్చిన బోనస్ ముప్పై ఎనిమిది వేలు. వాళ్లకు రావాల్సి ఉండి నా వల్ల రానిది అయిదు లక్షలు. అందులో బోనస్ కూడా కలుపుకుని ఇప్పటిదాకా నేను ఇచ్చింది లక్షా నలభై వేలు. ఇది రాస్తుంటే మిగతా అంకెను కొంచెం కిందికి సర్దుదామా అని చేయి లాగింది. సర్దలేదు. బాకీ మూడు లక్షల అరవై వేలు. ఆమె నడక ఈ లెక్కలో వేయలేదు.